గడ అందని చోటు

“ఇక్కడేనా, పెద్దమ్మా?” అని అడిగింది చేపల శాఖ నుంచి వచ్చిన అమ్మాయి యమిన్, పడవ ముందు కొసన కూచుని, సీసపు గుండు కట్టిన తాడుచుట్ట ఒళ్ళో పెట్టుకుని. వెనక ఓన్ మే తమ్ముడు థా లున్ మోటారు ఆపేశాడు. నడుమ పలక మీద కూచున్న ఓన్ మే చుట్టూ చూసింది, చూస్తూనే ఉంది, ఇక్కడ అంటే ఏది, నేల మీదైతే ఒక రాయి ఉంటుంది, చెట్టుంటుంది, కనీసం కాలిబాటైనా ఉంటుంది, నీళ్ళ మీద ఇక్కడ అన్నదానికి గుర్తేముంది. పొద్దుటి మంచు ఇంకా పూర్తిగా విడవలేదు, పడమటి కొండలు మోకాళ్ళ దాకా మంచులో నిలబడి ఉన్నాయి. తనకి అరవై తొమ్మిదేళ్ళు, ఇన్‌లే సరస్సు మీద గుంజలు పాతి కట్టిన ఇంట్లో పుట్టింది, నడక కంటే ఈత ముందు వచ్చిందని అమ్మ అనేది, అయినా ఈ అమ్మాయి అడిగిన ఇంత చిన్న ప్రశ్నకి వేలు ఎటు చాపాలో తెలియడం లేదు. ఎందుకంటే చూపించవలసింది ఇప్పటి సరస్సులో లేదు, అరవై ఏళ్ళ కిందటి సరస్సులో ఉంది, ఆ సరస్సు ఈ సరస్సులో ఎక్కడుందో ముందు అది తేలాలి.

నిన్న సాయంత్రం ఇంటి అరుగు మీద టీ తాగుతూ ఈ పిల్ల ఎంత ముద్దుగా అడిగిందని. మన సరస్సు గండుచేప, ఆ బంగారు పొలుసులది, ఎక్కడా కనిపించడం లేదు పెద్దమ్మా, తొట్లలో పిల్లల్ని పెంచాం, వదలడానికి లోతైన చోటు కావాలి, ఎండాకాలంలో వాటికి చల్లని నీళ్ళు లేకపోతే బతకవు, మీ ఊరి దగ్గర ఒక మడుగుండేదని పాత కాగితాల్లో ఒక్క ముక్క రాసి ఉంది, ఎవరిని అడిగినా మీ పేరే చెప్పారు. ఓన్ మేకి ఆ మాట వినగానే ఒంట్లో ఏదో చక్కిలిగింత పెట్టినట్టయింది, మడుగు, ఎన్నాళ్ళయింది ఆ మాట విని, నాన్న పోయాక ఆ మాట అన్నవాళ్ళే లేరు. తర్వాత ఆ పిల్ల గొంతు తగ్గించి, ఒకటి ముందే చెప్పాలి, దాని మీద ఎవరైనా టమాటా వేసుకున్న, నీళ్ళ మీద తేలే తేలుమడులుంటే తీసెయ్యాల్సి వస్తుంది, వాళ్ళకి ఇంకోచోటు చూపిస్తామంటున్నారు కానీ ఎక్కడో ఎప్పుడో నేను మాటివ్వలేను, అంది. అబద్ధం చెప్పడం రాని పిల్ల. థా లున్ నిండిన కప్పులోనే ఇంకా టీ పోస్తున్నాడు, టీ చాప మీదికి పారింది.

నాన్నది పొడుగాటి బుట్టవల, మనిషి కంటే ఎత్తు, వెదురు చట్రానికి వల బిగించింది. ఒంటికాలి మీద పడవ కొసన నిలబడి రెండో కాలితో తెడ్డు తిప్పుతూ నీళ్ళలోకి చూసేవాడు, బుడగలు కనిపిస్తే వల దింపేవాడు, దింపితే వల అడుగు మట్టిని తాకాలి, అప్పుడే చేప తప్పించుకోదు. సరస్సంతా అలాగే తాకేది, ఎక్కడ చూసినా నిలువున్నర, రెండు నిలువులు, మడుగు దగ్గర మాత్రం వల తాకేది కాదు. అక్కడ గాలమే వెయ్యాలి. తొమ్మిదేళ్ళ ఓన్ మే పడవలో బోర్లా పడుకుని కళ్ళ పక్కన చేతులు అడ్డం పెట్టుకుని చూసేది, మిగతా సరస్సంతా అద్దం, నాచు మొక్కలు, వాటి మధ్య చేపల నీడలు, అడుగున గులకరాళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు, మడుగు దగ్గరికి వచ్చేసరికి ఆకుపచ్చ ముదిరి ముదిరి నల్లగా అయిపోయేది. అడుగు ఎంత దూరం నాన్నా? దానికి అడుగు లేదు. అడుగు లేకపోతే నీళ్ళు కారిపోవా? నాన్న ఎంత నవ్వు నవ్వాడంటే కాలి నుంచి తెడ్డు జారింది. “దీనికి మొగుడు దొరకడు, పెళ్ళిచూపులకి వచ్చినవాణ్ణి కూడా మీ ఇంటి కింద లోతెంత అని అడుగుతుంది” అని ఇంటికెళ్ళి అమ్మతో చెప్పాడు. దొరకలేదు కూడా, దొరకలేదో తనే వద్దనుకుందో, మగ్గం మీద కూచుంటే రోజులెలా పోయాయో తెలియలేదు, తామర తూడుల్లోంచి దారం తీసి నేస్తూ ఉండగానే వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఆ దారమే చిన్నప్పుడు ఒకసారి అమ్మ దగ్గర్నుంచి దొంగతనంగా తెచ్చి చిన్నరాయి కట్టి మడుగులోకి వదిలింది, పన్నెండు బారల దారం, రాయి ఊడిపోయి దారం పైకి తేలి వచ్చింది, అమ్మ చేత తిట్లు తింది, అడుగు మాత్రం తెలియలేదు.

ఆ నీళ్ళనే తాగేవాళ్ళు. అమ్మ అరుగు మీంచి వంగి కుండ ముంచితే అవే టీకి, అవే అన్నానికి, అవే దేవుడి ముందు పూలగిన్నెలోకి. ఒకనాడు అమ్మ తలంటుకుంటూ వెండి కొప్పుపిన్ను జారవిడిచింది, అది ఇంటి కింద అడుగున నెలరోజులు మెరుస్తూ కనిపించింది, రోజూ దాన్ని చూడ్డమే ఒక పని, ఒక రొయ్య దాని మీద ఎక్కి కూచునేది, నాన్న దూకి తెచ్చిస్తానంటే తనే ఉంచమని ఏడ్చింది. ఎప్పటినుంచి కనిపించడం మానేశాయి ఇవన్నీ, ఒకరోజున ఆగిపోయినట్టు గుర్తే లేదు, ఏ రోజుకారోజు నిన్నటిలాగే ఉండేది కదా. ముందు తేలుమడులొచ్చాయి. ఉత్తరాన జమ్ముదుబ్బులు కలిసిపోయి చాపలా పేరుకున్న దాన్ని రంపాలతో పొడుగ్గా కోసి, పడవల వెనక కట్టి లాక్కొచ్చేవాళ్ళు, పిల్లలంతా దాని మీదెక్కి ఊరేగేవాళ్ళు, నేల ఈదుకుంటూ ఇంటికొస్తుందని అరిచేవాళ్ళు. దానిమీద అడుగు నాచూ బురదా కుప్పపోసి టమాటా నాటితే కాయలు విరగకాసేవి. గాలికి కొట్టుకుపోకుండా వెదురు గడలు మడిలోంచి అడుగుమట్టిలోకి దిగ్గొట్టేవాళ్ళు. ఎవరో నాటారు, వాళ్ళని చూసి ఇంకొకరు, ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి థా లున్ కూడా నాటాడు, నాన్న బుట్టవల అప్పటికే దూలానికి వేలాడుతోంది. తర్వాత మోటార్లు వచ్చాయి, మందులూ ఎరువుల బస్తాలూ వచ్చాయి, గుర్రపుడెక్క వచ్చింది, కొండల మీద చెట్లు కొట్టాక ప్రతి వానకీ ఎర్రనీళ్ళు వచ్చాయి, తాగడానికి సీసా నీళ్ళు వచ్చాయి. ఒక కరువేడు సరస్సు ఎంత తగ్గిందంటే పక్కింటికి బురదలో నడిచి వెళ్ళారు, పడవలో తప్ప వెళ్ళనివాళ్ళు నడుస్తూ సిగ్గుపడ్డారు, అదొక విచిత్రం. వీటిలో ఏది మంచి ఏది చెడు అని ఎవరైనా అడిగితే ఓన్ మే చెప్పలేదు, ముగ్గురు మేనకోడళ్ళు ఆ టమాటాల మీదే పెరిగారు, తనూ అదే కూడు తింటోంది, తెలుసుకోవాలని మాత్రం ఉంటుంది, ఇది ఎలా జరిగింది, ఏది ముందు, ఏది వెనక.

“దింపనా?” అంది యమిన్. సీసపు గుండు బుడుంగుమని మునిగింది, తాడు వేళ్ళ మధ్య నుంచి జారింది, ఎంతోసేపు జారలేదు, ఆగిపోయింది. పిల్ల ఒకసారి పైకి లాగి మళ్ళీ వదిలింది, ముఖం చిన్నబోయింది. “బారన్నర. అంతే.”

“పూడిపోయి ఉంటుందమ్మా,” అన్నాడు థా లున్ వెంటనే. “చోటు ఇదే. నాన్న చెప్పిన గుర్తు నాకూ తెలుసు. మఠం శిఖరం, దాని వెనక పడమటి కొండలో ఆ గండి, రెండూ ఒకే వరసలో రావాలి. ఇటు తూర్పున తెల్ల పగోడా, దాని పైన నల్లబండ. చూడు, నాలుగూ కుదిరాయి కదా. ఎర్రమట్టి ఎన్నేళ్ళ నుంచి దిగుతోంది, మడుగేం మిగుల్తుంది? పళ్ళెం నిండినట్టు నిండుంటుంది. రాసేసుకో, పాపం ఎంత దూరం నుంచి వచ్చావో, మా ఇంట్లో చేప పిసికిన పసుపన్నం తిని వెళ్దువుగాని.”

యమిన్ చిన్న పుస్తకం తెరిచింది, కలం మూత నోటితో తీసింది. ఓన్ మే మఠం వైపు చూసింది. శిఖరం గండి మధ్యలోనే ఉంది, నిజమే, తూర్పున పగోడా మీద నల్లబండ కూడా కూచుంది, అన్నీ సరిపోయాయి, అయినా ఏదో సరిపోలేదు, ఏమిటది. థా లున్ మాటలు. అదీ. మధ్యాహ్నం దాకా పది మాటలు మాట్లాడని మనిషి, చిన్నప్పటి నుంచీ అంతే, ఆకలేస్తే గిన్నె చూపించేవాడు తప్ప అడిగేవాడు కాదు, ఇప్పుడు ఒక్క గుక్కలో ఇన్ని మాటలు, పైగా అన్నానికి రమ్మని పిలుపు. ఎందుకు? వాడి ముఖం చూద్దామంటే వాడు మోటారు తాడు ముడి చూసుకుంటున్నాడు, ఆ ముడికి ఏమీ కాలేదు. మళ్ళీ మఠం చూసింది. రేకు కప్పు, దానిమీద బంగారు రంగు వేసిన శిఖరం, అంచున మైకులు. నాన్న గుర్తులో మఠానికి రేకు లేదు. టేకు పలకల కప్పు, మూడంతస్తులు, ఆ కప్పు మీద కాకులు. కాకులు ఎటెళ్ళాయి, కాకులు ఆ రోజు ఎగురుతూనే ఉన్నాయి, కూచోవడానికి కప్పు లేదు, కాలిపోతోంది.

తనకప్పుడు ఇరవై రెండు. వేసవి మధ్యాహ్నం, మఠం వంటింటి నుంచి అంటుకుంది, నీళ్ళ మధ్యనే ఉన్న ఇల్లు నీళ్ళ మధ్యనే కాలిపోయింది, ఎంతమంది కడవలతో తోడినా. బూడిద సరస్సంతా పరుచుకుంది, మూడు రోజులు ఎవరూ ఆ నీళ్ళు తాగలేదు, అదే మొదటిసారి తాగకపోవడం. భిక్షువుల్ని పడవల్లో ఎక్కించుకొచ్చారు, గ్రంథాల పెట్టెలు, ఒక బుద్ధ విగ్రహం, ఆ విగ్రహాన్ని ఒళ్ళో పెట్టుకుని పడవలో కూచున్నది ఎవరు, పద్నాలుగేళ్ళ కుర్రాడు, చేతులు బొబ్బలెక్కి, ఏడవకుండా పళ్ళు బిగించుకుని. వీడే. థా లున్. మరి కొత్త మఠం పాతచోట కట్టలేదు, కాలిన గుంజలు తీయడం కష్టమని, ఉత్తరంగా, లోతు తక్కువ ఉన్నచోట కట్టారు, ఎంత ఉత్తరంగా, ఆరువందల అడుగులా, ఎక్కువా, గుంజలు పాతే రోజు ఊరంతా వెళ్ళింది, వీడూ వెళ్ళాడు. అంటే కొత్త శిఖరంతో గండిని కలిపితే వచ్చే గీత నాన్న గీత కాదు. కొండలు కదల్లేదు, మఠం కదిలింది. ఓన్ మేకి లోపల చిన్నగా ఏదో వెలిగింది, దారం చిక్కు ఒకచోట వదులైనప్పుడు మగ్గం ముందు వెలిగేలాగే, ఇక మిగతాది లాగితే వచ్చేస్తుంది. పాత మఠం గుంజలు ఎక్కడున్నాయి? దక్షిణాన, గుర్రపుడెక్క కింద, మొన్న మొన్నటి దాకా కొంగలు వాలేవి వాటి మీద. గండి నుంచి వాటి మీదుగా ఇటు ఒక గీత. తూర్పున పగోడా, నల్లబండ, అవి ఉన్నచోటే ఉన్నాయి, అది రెండో గీత. రెండూ ఎక్కడ కలుస్తాయి? వేలు చాపకుండా, తల తిప్పకుండా, కళ్ళతోనే ఒక గీత వెంట వెళ్ళింది, ఇంకో గీత వెంట వచ్చింది. టమాటా తీగలు. తమవే.

కలిసేచోటు మడుల మధ్యలో, సరిగ్గా మధ్యలో కూడా కాదు, ఇవతలి గట్టు నుంచి లెక్కపెడితే పదోది, పదో మడి, అదా, ఆ పదో మడితో వీడు పడ్డ తిప్పలు ఒకటా రెండా, గాలొస్తే అదే జరిగేది, మిగతా ఇరవయ్యారు మడులూ బుద్ధిగా ఉంటే అదొక్కటే పక్కవాటిని గుద్దేది, అది పిచ్చిమడి అక్కా, దానికి ఊరు తిరగాలని ఉంటుంది, అని విసుక్కునేవాడు. అటూ ఇటూ మడులకి తాళ్ళతో కట్టేశాడు. మిగతావాటికి మామూలు గడలు, దానికి మాత్రం ఏటేటా అడవి వెదుర్లలోకెల్లా పొడుగువి ఏరి తెచ్చేవాడు, అయినా, ఏం తమ్ముడూ గడలకేమైంది అంటే, విరిగాయి అనేవాడు. విరిగిన గడలు ఏవి? ఒక్క విరిగిన ముక్క కూడా ఇంటికి రాలేదు, పొయ్యిలోకి ఒక్కటీ ఇవ్వలేదు. నలభై ఏళ్ళుగా మడుగు తన కంచంలోకి టమాటాలు పెడుతోంది, తనకి తెలియదు, వీడికి తెలుసు. ఎప్పటినుంచి తెలుసు? మొదటి గడ దించినరోజు నుంచీ అయి ఉండాలి, దించి, ఇంకా దించి, చెయ్యి నీళ్ళలో మునిగేదాకా దించి, అందక, ఏమనుకుని ఉంటాడు? భయపడ్డాడా? ఎవరికీ ఎందుకు చెప్పలేదు, చెప్పే మనిషి ఇంట్లోనే ఉందిగా, చిన్నప్పటి నుంచి అదే అడిగే మనిషి.

యమిన్ కలం కాగితం మీద కదిలింది. పాత మడుగు, అని రాస్తోందేమో, తర్వాత పూడిపోయింది అని రాస్తుంది, ఆ పుస్తకం మూస్తుంది, ఇంకెవరూ అడగరు, అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు కూడా. ఊరుకుంటే చాలు. మడులన్నీ పూత మీద ఉన్నాయి, పదో దానితో మొదలుపెడితే పదితో ఆగుతారా, చుట్టూ ఎనిమిదో పదో తీసెయ్యమంటారు, చూపించే ఇంకోచోటు ఎక్కడో ఉత్తరాన బురదలో ఉంటుంది, వీడికి అరవై ఒకటి, మళ్ళీ మడి కోసి లాక్కొచ్చే నడుము కాదు. మరదలు ఏమంటుంది. తను ఎవరి కూడు తింటూ ఎవరి మడి చూపిస్తోంది. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, అన్నీ నిజమే, ఒక్కటి కూడా కాదనలేదు, వాటి అడుగున మాత్రం తొమ్మిదేళ్ళ పిల్ల బోర్లా పడుకుని చూస్తూనే ఉంది, అడుగు ఎంత దూరం, ఇంకా ఉందా, మట్టి అంతా దిగాక కూడా ఉందా, ఆ తాడు చివర సీసపు గుండు ఉంది, ఊడిపోయే రాయి కాదు, ఇవాళ తెలియకపోతే ఇక తెలియదు. వేళ్ళు వాటంతటవే పలక అంచుని పట్టుకున్నాయి.

“తమ్ముడూ,” అంది ఓన్ మే, మెల్లగా, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు. “పదో మడికి ఎంత గడ వాడతావు?”

యమిన్ తల ఎత్తింది. థా లున్ తల ఎత్తలేదు. దూరంగా ఎవరిదో మోటారు పోయింది, దాని అలలు వచ్చి వీళ్ళ పడవని ఊపి వెళ్ళిపోయాయి. తప్పు చేశాననుకుంది ఓన్ మే, ఇంటికెళ్ళాక అడగాల్సింది, ఒంటరిగా ఉన్నప్పుడు, ఈ పిల్ల ముందు కాదు, పెద్దవాణ్ణి, ముగ్గురు ఆడపిల్లల తండ్రిని.

“రెండు కలిపి కడతాను,” అన్నాడు థా లున్. “రెండు పొడుగు గడలు, ఒకదాని కొసకి ఒకటి. అయినా అందదు.”

“ఏం అందదు?” అంది యమిన్.

“అడుగమ్మా. ఇంకేం అందుతుంది? మా అక్క చిన్నప్పటి నుంచి నా ప్రాణం తీసింది దాని గురించే.” అని మోటారు తాడు లాగాడు.

మడుల మధ్య సందులో మోటారు ఆపి గడతో నెట్టుకుంటూ వెళ్ళారు, రెండు పక్కలా టమాటా ఆకుల వాసన, మందు వాసన, పసుపు పూలు పడవ అంచుకి రాసుకుంటున్నాయి. పదో మడి దగ్గర థా లున్ నడుముకున్న కత్తి తీశాడు. ఒక తాడు కోశాడు, రెండోది కోయబోయి ఆగి, ముడి విప్పాడు, అది మంచి తాడు. గడ మడికి ఆనించి కాలు పడవలో తన్నిపెట్టి నెట్టాడు. ఇన్నేళ్ళూ ఊరు తిరగాలనుకున్న మడి ఎందుకో వెంటనే కదల్లేదు, యమిన్ కూడా వచ్చి చెయ్యేసింది, ఓన్ మే కూర్చున్నచోటి నుంచే ఆకులు పట్టుకుని నెట్టింది, తర్వాత ఒక్కసారిగా బరువంతా తేలికై పక్కకి జరిగింది, దాని కింద అన్నాళ్ళూ ఎండ తగలని నీళ్ళు బయటపడ్డాయి, నల్లగా.

యమిన్ గుండు వదిలింది. బార. రెండు. తాడు ఆగలేదు. మూడు. నాలుగు, అంది యమిన్ పైకి. ఐదు దగ్గర తాడు నెమ్మదించినట్టనిపించింది, కాదు, పక్కకి వాలి మళ్ళీ దిగింది. థా లున్ గడ పక్కన పెట్టి పడవ అంచు మీదికి వంగాడు, ఇంత పోగొట్టుకోబోయే మనిషి, “ఇంకా పోతోందా? ఇంకా?” అన్నాడు. ఐదుంబావు దగ్గర ఆగింది. యమిన్ మూడుసార్లు ఎత్తి దించి చూసింది, మూడుసార్లూ అక్కడే తగిలింది. ఐదుంబావు బారలు. ఓన్ మే ఆ అంకె లోపలే రెండుసార్లు అనుకుంది. మట్టి దిగకముందు ఇంకాస్త లోతున్నా పన్నెండు బారల దారం సరిపోయేదే, రాయి ఊడకపోయి ఉంటే ఆ రోజే తెలిసేది, తెలిసి ఉంటే ఏమయ్యేదో. అడుగుంది. నాన్నా, దానికి అడుగుంది.

“ఇవి చేపలకి పనికొచ్చే నీళ్ళో కాదో చూడాలి,” అంటూ యమిన్ తన సీసా కట్టిన తాడు తీసి దింపబోయింది. “ఎండాకాలంలో కింద ఎంత వేడెక్కుతుందో ఏమో.”

“వేడెక్కదు,” అన్నాడు థా లున్.

“కొలవాలి కదా, బాబాయ్.”

“కొలువు. వేడెక్కదు.” అతను వేళ్ళకంటిన నాచు లుంగీకి తుడుచుకున్నాడు. “మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒళ్ళు మండిపోతుంటే ఇక్కడికొస్తాను. పడవలో బోర్లా పడుకుని ఈ మడికీ ఆ మడికీ మధ్య చెయ్యి భుజం దాకా పెడతాను. కింద నుంచి చల్లగా వచ్చి తగుల్తూ ఉంటుంది, ఎవరో ఊదుతున్నట్టు. ఊటేమో.”

ఓన్ మే అతని వైపు తిరిగింది. వీడు ఏప్రిల్ మధ్యాహ్నాలు మందు కొట్టడానికి వెళ్తున్నానని చెప్పి వెళ్ళేవాడు. తడిసిన చొక్కా చెయ్యి ఒకటే, ఎప్పుడూ కుడిచెయ్యే, ఆరేసింది తనే. ఎన్నేళ్ళు ఆరేసిందో.

“ఎందుకు చెప్పలేదురా?”

“చెబితే నువ్వు ఊరుకుంటావా? ఎంత చల్లన, ఎక్కణ్ణుంచి, ఎందుకు, అంటావు. తర్వాత ఊరంతా వస్తారు. నా మడి పోతుంది.” నవ్వబోయి మానేశాడు. “ఇంకోటి కూడా ఉందక్కా. రెండు మూడుసార్లు, పోయినేడు కూడా ఒకసారి, చేతికి ఏదో రాసుకుని వెళ్ళింది. నాచు కాదు. నాచైతే అక్కడే ఉంటుంది. ఇది వచ్చింది, ఆగింది, వెళ్ళింది. గరుగ్గా, చల్లగా.”

యమిన్ చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. “పొలుసులా, బాబాయ్?”

“నేను చూళ్ళేదమ్మా. చెయ్యి మాత్రమే పెట్టాను.”

“ఎంత ఉంటుంది?”

థా లున్ రెండు చేతులూ ఎత్తి కొలత చూపించాడు, మోచెయ్యంత. చూపించి, దాన్నే చూసుకుంటూ, తనకే నమ్మకం కుదరనట్టు, కుడిచేతిని ఇంకొంచెం పక్కకి జరిపాడు. ఓన్ మే లేచి, ఊగుతున్న పడవలో మోకాళ్ళ మీద అతని దగ్గరికి పాకి వెళ్ళింది.

“సరిగ్గా చూపించరా,” అంది.